అమ్మ జపమాలలో గాజు పూసలు

ఈ పేజీకి నెలనెలా వచ్చే ఉత్తరాలలో నాలుగైదింటికి జవాబు వ్రాయడము మనకు అలవాటు. ఈసారి మాత్రము ఒక్క ఉత్తరానికే పేజీ అంతా ఇస్తున్నాను. మిగిలినవారు ఒక నెల ఓర్చుకోవాలని మనవి.

వ్రాసినది తెనాలి ప్రాంతపు సహోదరి. పుట్టినిల్లు ఆర్.సి.ఎం. వారు, మెట్టినిల్లు లూథరన్లు. ఆమె తల్లిగారు బడిపంతులమ్మగా పనిచేసి, కొన్ని నెలల క్రితము ప్రభువునందు నిద్రించారు. ఆమెకు ట్రైనింగు ముగిసిన రోజున విదేశము నుండి వచ్చిన ఒక మఠకన్య ఇచ్చిన జపమాల ఉన్నది. వెండి తీగ, ఎర్రని రాళ్లు, పరలోక జపము చెప్పే చోట మాత్రము పెద్ద తెల్లని రాళ్లు. ఇంట్లో అందరూ దానిని "అమ్మ కెంపుల జపమాల" అనేవారు. నలభై ఏళ్లకు పైగా ప్రతి రాత్రి అది ఆమె చేతిలోనే ఉండేది. దినాలు అయిన తరువాత అన్నదమ్ములిద్దరూ అది ఎవరికి చెందాలి అని మాట పెంచుకొన్నారు. చివరకు వెల కట్టించి పంచుకొందామని పెద్దన్న ఒక నగల దుకాణానికి పట్టుకొని వెళ్లాడు. దుకాణదారు భూతద్దము పెట్టి చూసి, "వెండి వెండే గాని రాళ్లు కావండీ, గాజు. అంచులన్నీ అరిగిపోయినవి చూడండి, కెంపయితే ఇలా అరగదు" అన్నాడట. ఆ సాయంత్రమే అన్నగారు దానిని చెల్లెలి ఒడిలో పడేసి, "నువ్వే ఉంచుకో" అన్నారు. అత్తగారేమో, "అటువంటిది మన గడప తొక్కకూడదు" అన్నారు.

సహోదరి అడిగినవి మూడు ప్రశ్నలు. ఒకటి: మా అమ్మ బ్రతుకంతా మోసపోయినదా? రెండు: దీనికి ఏమైనా విలువ ఉన్నదా? మూడు: దీనిని మా ఇంట్లో ఉంచుకోవచ్చునా?

ముందుగా ఒక మాట. నేను జపమాల చెప్పేవాడిని కాను, మన సంఘములో ఆ అలవాటు లేదు. మత్తయి 6వ అధ్యాయము 7వ వచనములో ప్రభువు మాటలు పెంచి ప్రార్థించడము గురించి చేసిన హెచ్చరికను నేను తేలికగా తీసుకోను. అయినా తెలియని వస్తువు మీద తీర్పు చెప్పకూడదు. మన పాఠకులలో చాలామంది జపమాలను దూరము నుండి చూసినవారే గనుక కొంచెము వివరిస్తాను.

అయిదు పదుల జపమాలలో పూసలు 59. అందులో 53 మంగళవార్త జపానికి, 6 పరలోక జపానికి. మంగళవార్త జపములోని మొదటి సగము లూకా 1వ అధ్యాయములో దూతయు, ఎలీసబెతును పలికిన మాటలే. పూర్వము మఠాలలో చదువు వచ్చినవారు 150 కీర్తనలు పాడేవారు. చదువురాని సోదరులు వాటికి బదులు 150 సార్లు పరలోక జపము చెప్పేవారు. లెక్క తప్పకుండా ఉండడానికే పూసలు. ఇంగ్లండులో గొడైవా అనే ప్రభుపత్ని 11వ శతాబ్దములో తాను ప్రార్థనలు లెక్కపెట్టుకొనే రత్నాల దండను కోవెంట్రీలోని మఠానికి వ్రాసి ఇచ్చినదని మామ్స్‌బరీ విలియము అనే సన్యాసి గ్రంథములో ఉన్నది. ఇంగ్లీషులో పూసను "బీడ్" అంటాము గదా, ఆ మాటకు మొదటి అర్థము ప్రార్థన. ప్రార్థన లెక్కపెట్టే వస్తువుకే ఆ పేరు అంటుకొని, చివరకు ఏ పూసకైనా అదే పేరయినది.

ఇక పూస దేనితో చేయాలి? 1268 ప్రాంతములో పారిస్ నగరపు వృత్తుల కట్టుబాట్లను ఎతియెన్ బువాలో అనే అధికారి ఒక గ్రంథముగా వ్రాయించాడు. అందులో జపమాలల పనివారికే వేరువేరు సంఘాలున్నవి: ఎముక, కొమ్ము పనివారు ఒకరు, పగడము, గుల్ల పనివారు మరొకరు, అంబరు పనివారు ఇంకొకరు. అంటే బీదవానికి ఎముక పూసలు, షావుకారుకు పగడాలు. ప్రార్థన ఒక్కటే అయినా చేతిలోని దండ మాత్రము ఇంటి అంతస్తును చెప్పేది. ఇది మనకూ కొత్త కాదు, ఆదివారము ఆరాధనకు వచ్చే చీరల సంగతి సంఘపెద్దలందరికీ తెలుసు.

ఈ తేడాను కొంత చెరిపివేసినది గాజు. వెనిస్ పట్టణము గాజు పనికి పేరుపొందినది. అగ్నిప్రమాద భయము వల్ల 1291లో కొలిములన్నిటినీ మురానో అనే దీవికి తరలించారు. అదే పట్టణములో స్ఫటికపు రాయిని చెక్కే పనివారికి వేరే సంఘము ఉండేది. గాజు ఎంత తేటగా వచ్చేదంటే, కొందరు దానిని స్ఫటికమని అమ్మసాగారు. 1300లో స్ఫటికపు సంఘము ఒక నియమము చేసినది. మామూలు గాజును స్ఫటికమని కొనకూడదు, అమ్మకూడదు. ఏ ఏ వస్తువుల విషయములో అన్నది కూడా వరుసగా వ్రాశారు. గుండీలు, పిడులు, కళ్లకు పెట్టుకొనే బిళ్లలతోపాటు పటాలకు, సిలువలకు పొదిగే పలకలు కూడా అందులో ఉన్నవి. సిలువలో కూడా దొంగరాయి పెట్టేవారన్నమాట! మరుసటి ఏడు, 1301లో, చదువుకొనేందుకు గాజు కళ్లద్దాలు ఎవరైనా చేసుకోవచ్చునని ఒప్పుకొన్నారు. షరతు ఒక్కటే: గాజును గాజుగానే అమ్ముతాను, స్ఫటికమని చెప్పను అని ప్రమాణము చేయాలి.

నాకు ఈ నియమము ఎంతో నచ్చినది. గాజు చేయడము తప్పు కాదు, అది మెరవడమూ తప్పు కాదు, రాయి రంగులో ఉండడమూ తప్పు కాదు. పేరు మార్చి డబ్బు తీసుకొన్నప్పుడే అది తప్పు. సహోదరీ, మీ మొదటి ప్రశ్నకు ఇక్కడే సగము జవాబు ఉన్నది. మీ అమ్మగారికి ఆ జపమాలను ఎవరూ అమ్మలేదు, కానుకగా ఇచ్చారు. కెంపులని చెప్పి ఇచ్చారని మీరు వ్రాయలేదు. "కెంపుల జపమాల" అని పిలిచినది మీ ఇంటివారు. మన తెలుగులో కెంపు అంటే రత్నము పేరే కాదు, ఎరుపు అనే అర్థము కూడా ఉన్నది. ఆమె బడిపంతులమ్మ గదా, ఏ అర్థములో అన్నారో ఆమెకు తెలిసే ఉంటుంది.

మిగతా సగము ఆ పూసలు పుట్టిన చోట ఉన్నది. నేను ఆ జపమాలను చూడలేదు, అది ఫలానా ఊరిదని చెప్పను. అయితే రత్నాలను పోలిన గాజు పూసలకు యూరోపులో పెద్ద పుట్టిల్లు బొహీమియా, అంటే నేటి చెక్ దేశపు పశ్చిమ భాగము. ఆ ప్రాంతములో గార్నెట్ అనే ముదురెరుపు రాయి దొరుకుతుంది. దానిమ్మకు లాటిను భాషలో ఉన్న పేరు నుండి ఆ రాతికి పేరు వచ్చినది, రంగు కూడా అదే. తుర్నోవ్ ఊరిలో ఆ రాళ్లను సానపట్టే పనివారు 18వ శతాబ్దపు తొలినాళ్లలోనే సీసము కలిపిన గాజుతో రాతిని పోలిన పూసలు చేయడము నేర్చుకొన్నారు. దగ్గరలోని యాబ్లొనెత్స్ కొండపల్లెల్లో అది ఇంటింటి పని అయినది. గాజు కడ్డీని మంటలో మెత్తబరచి, అచ్చున్న పట్టకారుతో నొక్కి పూస తీయడము ఒకరి పని. చక్రము మీద పలకలు తీర్చడము ఇంకొకరిది. దారానికి గుచ్చడము ఆడవారిది, పిల్లలది. కోబాల్టు కలిపితే నీలము వస్తుంది. మాంగనీసు కలిపితే మన బైబిలులో సుగంధము అని పేరున్న ఊదారంగు రాయిలా ఉంటుంది. మంచి ఎరుపు కావాలంటే కొన్నిచోట్ల నిజమైన బంగారమునే కొద్దిగా కరిగించి కలిపేవారు. చవుక పూసలో బంగారము ఉండడము వింతగా లేదూ! అదే 18వ శతాబ్దములో పారిస్‌లో స్ట్రాస్ అనే నగల పనివాడు వజ్రాన్ని పోలిన సీసపు గాజుతో రాజుగారి కొలువులో పేరు తెచ్చుకొన్నాడు. రాణులు కూడా తెలిసే పెట్టుకొన్నారు.

1858 తరువాత లూర్దు యాత్రలు మొదలయ్యేసరికి జపమాలల గిరాకీ ఎంతో పెరిగినది. రైలులో వచ్చే పనిమనిషి, సైనికుడు, పొలము పనివాడు కూడా ఒక అందమైన దండను ఇంటికి తీసుకొని వెళ్లగలిగారంటే అది గాజు చలవే. యుద్ధము తరువాత 1945 నుండి యాబ్లొనెత్స్‌లోని జర్మను భాషవారిని వెళ్లగొట్టగా, వారిలో అనేకులు బవేరియాలోని కౌఫ్‌బాయరెన్ దగ్గర కొత్త ఊరు కట్టుకొని మళ్లీ పూసలే చేశారు. మనకు దగ్గరగా, తిరుపతి పక్కన పాపానాయుడుపేటలో తరతరాలుగా గాజు పూసలు తీసిన కొలిములున్నవి. ఆ పూసల కథ వేరు, మరొకసారి చూద్దాము.

ముత్యాల సంగతి కూడా చెప్పాలి. 17వ శతాబ్దములో పారిస్‌లో దొంగముత్యము కనిపెట్టినవాడు జాకిన్ అనే ఒక జపమాలల పనివాడు. ఒక రకము చిన్న చేపలను కడిగిన నీటిలో పొలుసులు ముత్యములా మెరవడము చూసి, ఆ మెరుగును తీసి, ఊదిన బోలు గాజు పూస లోపల పూసి, మైనముతో నింపాడని చెబుతారు. అందమైన వస్తువే గాని నలిగితే పగిలిపోతుంది. కతోలిక సంఘము జపమాలలను ఆశీర్వదించి దానికి ఆత్మీయ ఫలములు జోడించే విషయములో పూర్వము పెట్టుకొన్న ఒక నియమము నాకు ఇక్కడే గుర్తుకు వస్తుంది. సులభముగా పగిలే వస్తువుతో చేసినవి అప్పట్లో పనికివచ్చేవి కావు. గాజు అయితే గట్టి గాజు సరే, బోలు గాజు కూడదు అనేవారు. ఆ ఫలముల బోధను మనము ఒప్పుకోము. లూథరు పోరాటమంతా అక్కడ మొదలైనదే గదా. కాని ఆ నియమము చేసినవారు రాయి నిజమా, నకలా అని అడగనే లేదు. లోపల గట్టిగా ఉన్నదా అనే అడిగారు. ఆ లెక్కన మీ అమ్మగారి గాజు పూస తన సంఘపు పరీక్షలో నిలిచినట్లే.

పరిశుద్ధ గ్రంథము కూడా గాజును తక్కువ చేయలేదు. యోబు 28వ అధ్యాయములో జ్ఞానముతో ఏవీ సాటి రావని చెబుతూ 17వ వచనములో బంగారము పక్కనే ఒక వస్తువును పేర్కొంటాడు. మన బైబిలులో అది స్ఫటికము. హెబ్రీ మాటకు అర్థము గాజు. ఆ కాలములో గాజు ఎంత అరుదంటే బంగారముతో కలిపి చెప్పవలసి వచ్చినది. వెల అనేది కాలమునుబట్టి మారేదే.

ఇప్పుడు రెండవ ప్రశ్న. డబ్బు విలువ మాట అయితే దుకాణదారు నిజమే చెప్పాడు. వెండి తూకానికి వచ్చేది మినహా ఎక్కువ రాదు. పాత వస్తువులు సేకరించేవారు బొహీమియా గాజు జపమాలలను కొంటారు గాని, పూసలు అరిగినవాటికి వారు ఇచ్చేది కొద్దిగానే ఉంటుంది. కాని సహోదరీ, మీ ఉత్తరములో మీరు దుఃఖముతో వ్రాసిన ఒక వాక్యము నన్ను చాలాసేపు ఆపినది. "అంచులు అరిగినవి గనుకనే గాజు అని తెలిసిపోయింది" అన్నారు.

అవి ఎలా అరిగినవో ఆలోచించారా? రాళ్ల గట్టితనాన్ని కొలవడానికి ఒకటి నుండి పది వరకు మోస్ కొలత అని ఒకటి ఉన్నది. వజ్రము 10, కెంపు 9. గార్నెట్, స్ఫటికము 7 దరిదాపుల్లో ఉంటాయి. గాజు అయిదున్నర ప్రాంతము. గాలిలోని దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, అవి స్ఫటికపు జాతివే, 7. ఒక్క రోజులో ఏమీ కనబడదు. దుమ్ము అంటిన పూసను వ్రేళ్ల మధ్య త్రిప్పుతూ, ఒక పూస మరొక పూసకు రాసుకొంటూ, దిండు క్రింద, చీరె కొంగులో, బడిసంచిలో తిరుగుతూ నలభై ఏళ్లు గడిస్తే గాజు అంచు మొద్దుబారుతుంది. కెంపు అయి ఉంటే నిన్న కొన్నట్లే ఉండేది. మీ అమ్మగారు దానిని వాడారా, బీరువాలో దాచారా అన్నది కూడా చూసేవారికి తెలిసేది కాదు. భూతద్దములో దుకాణదారు చూసినది రాతి లోపము. దానినే మీరు పగటి వెలుతురులో ఒకసారి చూడండి. 53 పూసలూ ఒకే తీరుగా అరిగినవా, లేక మొదటి పదిలో ఎక్కువగా అరిగి చివర తక్కువగా ఉన్నవా? నిద్ర ముంచుకొచ్చి సగములో ఆగిపోయిన రాత్రులు కూడా అక్కడ వ్రాసి ఉండవచ్చు. పగలంతా బడి, సాయంత్రము పొయ్యి, ముగ్గురు పిల్లలు. నేను పాస్టరును, ప్రార్థనలో కునికిపాట్లు పడే తల్లులను ఎన్నో ఇళ్లలో చూశాను. ప్రభువు వారిని గద్దించినట్లు నాకు ఎన్నడూ తోచలేదు.

మూడవ ప్రశ్న మీ అత్తగారిది. ఆమె మాటను తేలికగా తీసివేయకండి, ఆమె భక్తితోనే అన్నారు. రెండవ రాజులు 18వ అధ్యాయము 4వ వచనములో హిజ్కియా మోషే చేసిన ఇత్తడి సర్పమునే పగులగొట్టాడు. ఆమె మనసులో ఉన్నది ఆ వాక్యమే అయి ఉంటుంది. కాని అతడు ఎందుకు పగులగొట్టాడో కూడా ఆ వచనములోనే ఉన్నది. ఇశ్రాయేలీయులు దానికి ధూపము వేస్తున్నారు. అంతవరకు, మోషే దినముల నుండి ఎన్నో వందల ఏండ్లు అది ఉన్నదే గదా, ఉన్నంతమాత్రాన ఎవరూ పగులగొట్టలేదు. మీరు ఆ దండకు ధూపము వేయరు, దానిని మెడలో వేసుకొంటే జ్వరము తగ్గుతుందని నమ్మరు. మీ పెట్టెలో అది తల్లి చేతి వస్తువు. లూథరు కూడా 1522లో ప్రచురించిన తన ప్రార్థన పుస్తకములో మంగళవార్తను తీసివేయలేదు. మరియమ్మ మీద నమ్మిక పెట్టుకోవద్దని హెచ్చరిస్తూనే, ఆమెకు దేవుడు చేసిన మేలును తలచుకొమ్మని ఉంచాడు. ఈ సంగతి మీ అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. అప్పటికీ ఆమెకు మనసు ఒప్పకపోతే ఇంట్లో రచ్చ చేయవద్దు. అత్తగారి మనశ్శాంతి కూడా గాజువంటిదే.

ఇళ్లలో ఇటువంటి పాత దండలున్న ఇతర పాఠకులకు ఒకటి రెండు సంగతులు. గాజా, రాయా అని తెలుసుకోవాలంటే పూసను పెదవికి ఆనించి చూడండి. రాయి చల్లగా ఉండి చాలాసేపు అలాగే ఉంటుంది, గాజు త్వరగా వెచ్చబడుతుంది. భూతద్దములో గుండ్రని గాలి బుడగలు కనబడితే గాజే. అంచు పెచ్చు ఊడిన చోట చిప్ప లోపలి భాగములా వంపులుంటే చాలావరకు గాజు అనుకోవచ్చు, అయితే స్ఫటికము కూడా అలాగే పెచ్చు లేస్తుంది, అదొక్కటే చూసి నిర్ణయించవద్దు. పూస మీద ఇంద్రధనుస్సు రంగుల పూత ఉంటే అది 1950ల మధ్యకాలము తరువాతిది. మా తాతమ్మ నాటిదని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

శుభ్రము చేయడానికి చింతపండు, పళ్లపొడి వాడవద్దు. వెండి తెల్లబడుతుంది గాని గాజు మీద గీతలు పడతాయి. గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన మెత్తని గుడ్డతో తుడిచి, వెంటనే ఆరబెట్టండి. లోపల రేకు పెట్టిన పూసలకు నీరు తగలనీయవద్దు. కొక్కెము తెగితే కంసాలి దగ్గరకు తీసుకొని వెళ్లండి గాని, పూస పక్కనే ఊదుగొట్టముతో మంట పెట్టనీయకండి, గాజు చిటపటమని చీలుతుంది. కొత్త తీగను చేత్తో వంచి ముడి వేయమని చెప్పండి.

సహోదరీ, ఎవరి దగ్గర ఉండాలన్న మాట మిగిలినది. వెల లేదని తెలియగానే తగవు ఆగిపోయినది గనుక ఇప్పుడు నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు. పూసలు పంచుకొందామన్న తమ్ముడిగారి ఆలోచన మాత్రము వద్దు, తెంపితే అది జపమాలా కాదు, నగా కాదు. మీ పెద్దన్నగారి అమ్మాయి రాత్రిళ్లు నాయనమ్మ పక్కన కూర్చొని జపము చెప్పేదనీ, ఇప్పటికీ చెబుతున్నదనీ ఉత్తరము చివర ఒక్క ముక్క వ్రాశారు. ఆ పాపకు ఎన్నేళ్లో వ్రాయలేదు. ఆమెను ఎవరైనా అడిగారా?